ఆ ప్యాంటు రెండో కాలు

ఆఫ్రికాలోని లెసోతో రాజధాని మసేరులో వాకిట్లో జెండా చూస్తే చాలు, ఆ ఇంట్లో ఏం అమ్ముతారో తెలిసిపోతుంది. తెల్లదైతే జొన్న బీరు, ఎర్రదైతే మాంసం, పచ్చదైతే ఆకుకూర. మాలినేయో వాకిట్లో ఏళ్ల తరబడి ఎగిరింది పచ్చ జెండానే.

ఆ పొద్దున ఆమె దాన్ని పీకి అవతల పారేసింది. ఎగువన జీన్స్ ఫ్యాక్టరీ వాళ్లు ప్యాంట్లు ఉతికిన రంగునీళ్లు వాగులోకే వదులుతారు. ఆ వాగు నీళ్లు పెట్టిన మళ్లన్నీ మాడిపోయాయి. కొనడానికొచ్చినవాళ్లు ఆకు తుంచి, వాసన చూసి, మొహం తిప్పుకుని పోతున్నారు. ఆ కూర తప్ప ఆమెకు వేరే బతుకు లేదు.

పాత జీన్స్ ప్యాంటు కాలొకటి కోసి, కర్రకు కట్టి పాతింది.

షిఫ్టు దిగిన ఆడవాళ్లు కంచె దగ్గర ఆగారు. "ఏంటక్కా, ప్యాంట్లు అమ్ముతున్నావా? పొద్దస్తమానం కుట్టి చస్తున్నాం, మళ్లీ నీ దగ్గర కొనాలా?" అంది పక్కింటి పులేంగ్.

"వాగు అమ్ముతున్నా. మీ వాళ్లు రంగేశారుగా!"

"ఊరుకో అక్కా! ఫ్యాక్టరీ మూస్తే మా పొయ్యిలో పిల్లి లేవదు."

"మూయమన్నానా? మురికి తీసి వదిలి చావమన్నా. నీ పొయ్యి వెలగాలంటే నా మడి మాడాలా?"

అంతలో ఫ్యాక్టరీ సూపర్వైజర్ సెఖోబే కారు దిగాడు. ఒకప్పుడు ఆమె కూర తిన్నవాడే. "జెండా తీసెయ్, అమ్మా. ఎవడైనా ఫొటో తీస్తే గొడవ. నీళ్లు శుభ్రం చేసే వదులుతున్నాం."

"తీస్తాలే నాయనా. జెండా ఉన్న ఇంటికొచ్చి రుచి చూడకుండా పోతావా?" అంటూ రేకు మగ్గుతో వాగు నీళ్లు ముంచుకొచ్చింది. చిక్కటి నీలం, పైన నురగ.

సెఖోబే నవ్వాడు. "ఆచారం నాకూ తెలుసమ్మా. విషం లేదని చూపడానికి బీరు కాచినోళ్లే ముందు గుటకెయ్యాలి."

"అవును, కాచినోళ్లే." మగ్గు అతని చేతిలో పెట్టింది. "నేనా కాచింది? తాగు!"

అతని నవ్వు ఆగిపోయింది.

"తాగండి సార్, శుభ్రమేగా," అంది పులేంగ్. ఆ మాట నోరుజారాక తనే బెదిరింది.

అతను మగ్గు వంచేశాడు. నీళ్లు బూటు మీద చిందాయి. గబగబా రుమాలు తీసి తుడుచుకున్నాడు.

"బూటైతే తుడుచుకున్నావు. నా మడిని ఎవడు తుడుస్తాడురా?" అని అరిచింది మాలినేయో.

కారు వెళ్లిపోయింది. పులేంగ్ కంచె దాటి లోపలికొచ్చింది.

"అక్కా, ఆ ప్యాంటు రెండో కాలుందా? మా వాకిట్లో కడతా."