గురువారం వంతు

వాన వెలిసింది. చూరు మాత్రం ఇంకా కారుతోంది.

ఒక్కో చుక్క... ఒక్కో చుక్క...

దర్జీ బాబాయ్ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో ఆయన కుడిచెయ్యి నానుతోంది. పక్షవాతం వచ్చిన చెయ్యి. రెండేళ్ళుగా కదలదు. స్పర్శ లేదు.

కదలని చేతికీ గోళ్ళు పెరుగుతాయి — ఈమధ్యే తెలిసింది నాకు.

గురువారం మా ఆయన వంతు. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు ఎవరు ఏ రోజు వెళ్ళాలో రాసిన కాగితం చర్చి గోడకు అంటించి ఉంటుంది. ఆయన పోయి నాలుగు నెలలు. ఆ పేరు కొట్టెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. కొట్టెయ్యకపోతే ఆ రోజు ఇంకెవరికీ పడదు.

అందుకని నేను వస్తున్నాను.

బళ్ళో హాజరుపట్టీలో ఎన్ని పేర్లు కొట్టేశానో. స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో, గీత వంకరపోకుండా.

ఆదివారం ఆయన పేరు మీద గీత కూడా నేనే గీస్తానని పాస్టరుగారికి చెప్పాను. పొరుగువాళ్ళను ప్రేమించాలని ఇరవయ్యేళ్ళు పిల్లలకు చెప్పినదాన్ని. ఇప్పుడు లోపల వెతికితే ప్రేమ లేదు. కోపమూ లేదు. ఏమీ లేకుండా ఒకరి చెయ్యి పట్టుకోవడం అబద్ధం కాదా?

ఇదే ఆఖరి గురువారం. బాబాయ్‌కి చెప్పాలి.

“ఏం టీచరమ్మా, బడితో పాటు నోటికీ సెలవిచ్చేశావా?”

“ఏం లేదు బాబాయ్.”

“నిన్న నలుగురొచ్చారు. అరగంట ప్రార్థన చేశారు. పాపం, మంచోళ్ళే. కళ్ళు మూసుకుంటే గోళ్ళేం కనబడతాయి!”

నవ్వాల్సిన మాట. నవ్వు రాలేదు.

ఒక్కో గోరూ తీసి, ఆఖర్న చూపుడువేలు తుడిచి నెయిల్ కట్టర్ పెట్టాను. చర్మం తెగింది. చిన్న ఎర్రచుక్క.

“అయ్యో—”

“ఏమైంది?”

ఆయనకు తెలియలేదు. తల తిప్పి చూశారు.

“ఓస్, ఇంతేనా! అది మొద్దుచెయ్యి. నరికినా నాకు తెలీదు.” ఆ వేలినే చూస్తూ అన్నారు. “మాస్టారి చేతిలోనూ ఓసారి ఇలాగే తెగింది. నొప్పేం లేదయ్యా మొర్రో అంటే వింటేనా! ఊదుతూ కూర్చున్నారు, పిచ్చి మారాజు.”

ఈ మాట మా ఆయన ఇంట్లో చెప్పలేదు.

వచ్చేవారం రానని చెప్పాలి. నోరు తెరిచాను.

ఊదాను.

ఏమీ తెలియని వేలి మీద.

నాలో ఏదీ కదలలేదు.

మళ్ళీ ఊదాను.

బాబాయ్ దుప్పటిలోంచి ఎడమచెయ్యి మెల్లగా బయటికొచ్చి, నా ముందు ఆగింది. దానికి ఇంకా అయిదు గోళ్ళు.

గిన్నె అటు జరిపాను.

బయట, చూరు అంచున ఒక చుక్క... రాలకుండా, వేలాడుతూ—