దిబ్బ మీద ఎర్ర దుప్పటి

నాకసలు నీళ్లంటే పడదు. బందరులో కలంకారీ అచ్చులేసుకునేవాణ్ణి, నడి పాయలో పిట్టల్ని చూడ్డమేమిటి? కానీ మా కాలేషా పట్టుపడితే వదిలే రకం కాదు. "గవర్నమెంటు కాపాడుతున్న అడవిరా నిజాం, దూరదేశాల కొంగలొస్తాయంట" అంటూ ఆ ఆదివారం నన్నూ, మా ఇంకో నేస్తం సోమేశ్వరరావునూ పాలకాయతిప్పకు లాక్కొచ్చాడు. ఉప్పెన వచ్చి ఏడాది దాటింది. గాలి కాస్త విసురుగా వీచినా నాకింకా భయమే.

మమ్మల్ని మడ అడవి దిబ్బకు దాటించింది అంకమ్మ. ఉప్పెనలో మొగుడు కొట్టుకుపోయాక పడవ ఆవిడే నడుపుతోంది. దారిలో నా ఎర్ర దుప్పటి తడిసింది. దిగగానే కొమ్మ మీద ఆరేయబోతే గట్టిగా అరిచింది.

"ఎత్తున గుడ్డ కట్టొద్దు బాబూ! దిబ్బ మీద శవం కనపడితేనే ఇక్కడ గుడ్డ కడతారు. మొన్నటికి మొన్న ఒకాయన్ని మొలతాడు చూసి గుర్తుపట్టారు. మా ఆయన ఇంకా దొరకలా."

నేను దుప్పటి చుట్టి చంకలో పెట్టుకున్నాను. సాయంత్రం పోటుకు నీళ్లెక్కాక వస్తానని ఆవిడ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం కాలేషా భార్య నూర్ బీ పంపిన క్యారియర్ ఖాళీ చేశాం. కొంగల్ని దగ్గరగా చూస్తానని కాలేషా మేం వద్దంటున్నా పొదల్లోకి దూరాడు. అంతే, కేక పెట్టాడు. పాము! చూస్తుండగానే పాదం ఉబ్బి నల్లబడింది. ఎంత అరిచినా ఎదురుగాలికి మా గొంతు అవతలి ఒడ్డు చేరలేదు. పడవ రావడానికి ఇంకా నాలుగు గంటలు.

సోమేశ్వరరావు దుప్పటి వైపు చూశాడు.

"కట్టరా."

"ఆవిడకేం చెప్పాలిరా?"

"ముందు వీడు బతకాలి కదరా! కట్టు!"

కట్టాను. అవతలి ఒడ్డుకు కనపడేలా ఎత్తు కొమ్మకు రెండు ముళ్లేశాను. నా మీద నాకే అసహ్యమేసింది.

పాటు వేళ, పాయలో నీళ్లు వెనక్కి తీసేశాయి. అంకమ్మ మోకాటి లోతు బురదలో పడవ తోసుకుంటూ వచ్చింది. పడవలో మడత విప్పని కొత్త పంచె ఉంది.

"ఎక్కడ బాబూ? మొలతాడుందా?" అంది రొప్పుతూ.

"మీ ఆయన కాదమ్మా. మావాణ్ణి పాము కరిచింది. తప్పు చేశాను, క్షమించు" అన్నాను.

ఆవిడ నన్ను చూసింది. కాలేషాను చూసింది. పంచె తీసి పళ్లతో చింపి, వాడి కాలికి బిగించి కట్టింది.

ఒడ్డున పదిహేనిరవై మంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. దొరకని మనుషులు వాళ్లకీ ఉన్నారు మరి. ఎవరంట, ఎవరంట అని పడవ మీద పడబోయారు.

"బతికున్నోడేనమ్మా, దారివ్వండి!" అని అరిచింది అంకమ్మ.

అవనిగడ్డ ఆసుపత్రిలో కాలేషా బతికాడు.

నెల తిరక్కుండానే నేను మంచి పంచె ఒకటి కొని పాలకాయతిప్ప వెళ్లాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆవిడ మడత విప్పి, మూర వేసి చూసుకుంది.

"మా ఆయన పొడగరి బాబూ," అంది. "ఇది సరిపోద్దంటావా?"