ముఖం లేని నడక

ఒక అడుగు పడుతుంది. ఒక అడుగు ఈడుస్తుంది.

టక్... సర్ర్. టక్... సర్ర్.

మధ్యాహ్నపు ఎండలో, కాలిన మట్టి మీద, జగిత్యాలలోని ఆ సందులో.

దమయంతి బియ్యం చెరుగుతూ చెవి ఒగ్గింది.

తలకు రుమాలు. భుజం మీద సిరిసిల్ల తువ్వాళ్ళ మూట. రోజూ వస్తాడు. ఒక్కసారి కూడా కేకేయడు.

కేకేయని మనిషి ఏం అమ్మడానికి వస్తున్నట్టు?

కిటికీ అద్దానికి కాగితం ఆనించి, కూతురు గిరిజ ఆ మనిషినే గీస్తోంది. హైదరాబాదులో ఆర్ట్ కాలేజీ. బొమ్మలను కదిలించే చదువు. సెలవుల్లో ఒక మనిషి నడకను గీసి తెమ్మన్నారట. కాలేజీలో కింద దీపం వెలిగే గాజు బల్ల ఉంటుంది. ఇక్కడ కిటికీయే బల్ల, ఎండే దీపం. గీసిన కాగితం మీద కొత్త కాగితం. ఆ అడుగులోంచి ఈ అడుగు.

వీధికి మాత్రం — దొర బిడ్డ పొద్దంతా కిటికీకి అతుక్కుని, వచ్చేపోయేవాళ్ళను చూస్తోంది.

చూడటమే నేరమైన కాలం.

ఎవరిని చూశావని పోలీసులు అడుగుతారు. ఎవరికి చెప్పావని అడవిలోని అన్నలు అడుగుతారు.

"గా తువ్వాళ్ళోన్నే ఎందుకు గీస్తున్నవే?"

"అందరు ఒక్కతీర్గనే నడుస్తరమ్మా. గాయన నడకల ఓ మెలిక ఉన్నది."

"మరి ముఖమేది?"

"నడకకు ముఖమెందుకు? పెండ్లిచూపులా?"

గిరిజ కాగితాల దొంతరను బొటనవేలితో జారవిడిచింది.

ముఖం లేని మనిషి నడిచాడు.

కుడి పాదం లోపలికి తిరిగింది. మడమ లేచింది. వేళ్ళు నేలను గీరాయి.

దమయంతి చేతిలో చాట ఆగిపోయింది.

ఆ పాదానికి పసుపు కట్టిన చేతులవి. మేడిపల్లిలో, తమ ఇంట పాలేరుగా జీతమున్న ఎల్లన్న కొడుకు కాలి మీద బండి చక్రం ఎక్కిన రోజున. నర్సింగం. పెరిగి, అడవికి పోయి అన్నల్లో కలిసినవాడు. ఆ తర్వాతే అన్నల భయానికి తాము ఊరొదిలి ఈ అద్దె ఇంట్లో చేరింది.

వాడేనా?

మూటలో తువ్వాళ్ళేనా?

ఈ ఇంటి ముందే ఎందుకు నెమ్మదిస్తాడు... చంపడానికా, చూసిపోవడానికా, అడవి వదిలొచ్చి తానూ ఇంత బతకడానికా.

సాయంత్రం భర్త జలపతి రావు చెప్పులు విడుస్తూనే అన్నాడు.

"కోరుట్ల రోడ్డు మీద పోలీసులు బస్సులాపి దేవులాడుతున్నరు. రేపు మధ్యాహ్నం ఎస్సై సాబ్‌ను చాయకు పిలిచిన. బిడ్డ బొమ్మలు సూస్తనన్నడు."

గిరిజ మురిసిపోయింది.

చాయకేనా పిలిచింది? దమయంతి భర్త ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన ముఖం. ఏమీ తెలియలేదు.

చెబితే వాడు ఉండడు. చెప్పకపోతే — ఈయన ఉంటాడో లేదో.

తెల్లారి గిరిజ స్నానానికి వెళ్ళగానే దమయంతి దొంతర తీసింది. పాదం మెలితిరిగిన కాగితాలను ఒక్కొక్కటే ఏరింది. నీళ్ళు కాగిన పొయ్యిలోనే పెట్టింది.

తల తుడుచుకుంటూ వచ్చి, గిరిజ దొంతర జారవిడిచింది. ముఖం లేని మనిషి ఎగిరెగిరి, తిన్నగా నడిచాడు.

"అమ్మా... గీయన వేరే ఎవరో అయిండు."

"ఎవరైతేంది. మంచిగనే నడుస్తుండు."

గిరిజ తల్లిని చూసింది. పొయ్యిని చూసింది.

కొత్త కాగితం తీసి అద్దానికి ఆనించింది.

"మధ్యాహ్నం వస్తడు గదా. మళ్ళ గీస్త."

మధ్యాహ్నం వాకిట్లో జీపు ఆగింది. బూట్ల చప్పుడు — సమంగా, బరువుగా, ఒక్కతీరుగా.

ఆ చప్పుడు వెనక, సందు మలుపులో...

టక్.

దమయంతి రెండో అడుగు కోసం వింటోంది.