సేకరించిన చోటు

రోకలిబండ ఏ జాతిదో తేల్చాలంటే మగదాన్ని పట్టుకుని, ఒంటి ఉంగరాల్లో ఏడోదాని కింద ఉన్న కాళ్ళు చూడాలి. అవి ఒక్కో జాతికి ఒక్కో తీరున ఉంటాయి. అక్క బాత్రూములో దొరికినదాని కాళ్ళు ఏ పుస్తకంలోనూ లేవు. కొత్త జాతి. అక్క కుట్టుమిషను తొక్కి చదివిస్తేనే నేను ఇంతదాన్నయ్యాను కాబట్టి, అక్క పేరుకే లాటిన్ తోక తగిలించాను. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ అక్క ఆ సంగతి చెప్పి మురిసిపోయింది.

ఆ జాతి గురించి పత్రికకు పంపే వ్యాసంలో 'సేకరించిన చోటు' అని రాయాల్సిన దగ్గర మాత్రం నా చెయ్యి ఆగింది. మూడు వాటాలకూ కలిపి ఒకటే బాత్రూము. రేకు తలుపు, పెచ్చులూడిన గోడ, ఎంత రుద్దినా వదలని నాచు. నేను అక్కడ పెరిగానని మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. 'అడవి అంచున, రాలిన ఆకుల కింద' అని రాసి పంపేశాను.

రెండేళ్ళకు వేరే ఊరి నుంచి ఒక పరిశోధకురాలు వచ్చింది. నా రాత నమ్మి మూడు వారాలు ఆ అడవిలో ఆకులు తిరగేసింది. కాళ్ళ నిండా జలగ కాట్లతో వచ్చి నా ఎదురుగా కూర్చుని, ఈ జాతి అంతరించిపోయిందని రాయక తప్పదంటూ కళ్ళు తుడుచుకుంది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరవకూడదంటారు. మర్నాడు పొద్దున్నే ఆమెను అక్క ఇంటికి తీసుకెళ్ళాను.

అక్క అప్పుడే బాత్రూము ఊడ్చి చేటతో బయటికి వస్తోంది.

"వీటి కోసమా అడవులు పట్టుకు తిరిగారు? రోజూ చేటెడు ఊడ్చి పారేస్తాను కదమ్మా."

పరిశోధకురాలు చేటలోంచి ఒకదాన్ని తీసి, వెల్లకిలా తిప్పి, భూతద్దంతో చాలాసేపు చూసింది. నా వైపు మాత్రం చూడలేదు.

మరి అడవి అని ఎవరు రాశారని అక్క నవ్వుతూనే అడిగింది. నేనేనన్నాను. ఈ బాత్రూము సంగతి రాయడానికి నామోషీ అనిపించిందని కూడా చెప్పేశాను. అక్క నవ్వు ఆగిపోయింది.

"పేరు నాదే పెట్టావుగా," అంది మెల్లగా.

పరిశోధకురాలు నోటుపుస్తకం తెరిచి, సవరణలో వెయ్యడానికి ఇంటి నంబరు అడిగింది. నేను నోరు తెరిచేలోగా అక్క చేట కింద పెట్టి, బకెట్టు అందుకుంది.

"ఉండండమ్మా. మీరు రాసే ముందు ఓసారి కడిగేసి వస్తాను."