నాము తగిలిన చెల్క

ఆ రోజు దొర కాళ్ల మీద పడి ఏడ్చాను. అది దొంగ ఏడుపు. నిజం ఏడుపు అంతకు నాలుగేళ్ల ముందే నా పెద్దబిడ్డ పుష్పమ్మతో అయిపోయింది.

మాది తిరుమలగిరి దాపున చిన్న ఊరు. మా ఎర్రనేల చెల్కల్లో ఎవరూ జొన్న ఒక్కటే వేసేవారు కాదు. జొన్న సాళ్ల నడుమ కంది, పెసర, అనుములు వేసేవాళ్లం. వాటి కింద దొగ్గలికూర, తుమ్మికూర వాటంతటవే మొలిచేవి. జొన్న గటకలోకి రోజూ ఏదో ఒక ఆకు, ఏదో ఒక పప్పు దొరికేది. జర్మనీ యుద్ధం రోజుల్లో ఆముదానికి గిరాకీ వచ్చింది. దొర మా చెల్కలన్నీ గుంజుకుని ఆముదమే వేయించాడు. కలుపు పేరు చెప్పి ఆకుకూర మొలకను కూడా బతకనివ్వలేదు. కంది ఆకు రాలి మెత్తగా ఉండే నేల పెచ్చులు కట్టింది. మాకు కూలి కింద ముక్కిన జొన్నలు కొలిచేవారు. పొద్దున ఉప్పూ గటకా, రాత్రి గటకా ఉప్పూ.

పొద్దుగూకితే పిల్లలకు చూపు ఆనకుండా పోయింది. రేచీకటికి మందు ఆకుకూరేనని మా ముసలమ్మలు ఎప్పటినుంచో చెప్పేదే. నేనే దొర ఉండే గడికి పోయి అడిగాను.

"దొరా, చెల్క అంచుకు రెండు సాళ్లు కంది, కూర పెట్టుకుంటం. పిల్లల కండ్లు పోతున్నయి."

దొర నవ్వాడు. "చీకట్ల మీ పిల్లలకు చూసే పనేముందే?"

తర్వాత కొన్నాళ్లకే పుష్పమ్మను గడికి నీళ్లు తోడే వెట్టికి పిలిచారు. సందెవేళ బావి అంచు కనపడక లోపల పడి ప్రాణం విడిచింది. ఆనాటి నుంచి నా కడుపులో మంట ఆరలేదు. ఆరాలని నేను కోరుకోనూ లేదు.

దొరల మీద రైతుకూలీల సంఘం లేచింది. దొర తన పశువులను అల్లుడి ఊరికి తోలించి, తను పట్నం పారిపోయాడు. చెల్కలు మళ్లీ మావయ్యాయి. వానకాలం చివర జొన్న, కంది, అనుములు కలిపి వేశాం. కూర మొలిచింది. అప్పటికే నా చిన్నబిడ్డ యాదమ్మకు సందెచూపు మందగించింది. రోజూ దొగ్గలికూర వండిపెట్టాను. చూపు కొద్దికొద్దిగా తేరుకుంటోంది. ఆ చెల్క పోతే ఆ కళ్లూ పోతాయి.

అంతలో యూనియన్ సైన్యాలు వచ్చాయి. రజాకార్లు పోయారు. కానీ మిలిట్రీ వాళ్ల వెనకే దొర దిగాడు, నెత్తిన కాంగ్రెసోళ్ల తెల్లటోపీతో. అల్లుడి ఊరి నుంచి నడిచి నడిచి ఆయన మంద కూడా ఆకలితో వచ్చింది. చెల్కలో మోకాలెత్తు జొన్నను చూసి ఆయన మొహం కందగడ్డయింది.

"అంజయ్యా, మందను తోలు! ఒక్క పోచ మిగలొద్దు. రేపే ఆముదానికి దున్నిస్త."

పశువులు కాసే అంజయ్య నా వైపు చూశాడు. వానలు ముఖం చాటేసి చాలా రోజులైంది. లేత జొన్న ఎండకు వడలింది. అట్లాంటి జొన్న పశువుకు విషం. దాన్నే మేము నాము అంటాం. ఆకలిగొన్న పశువు మేసిందంటే మేసినచోటే కూలుతుంది. ఇది ఊళ్లో అందరికీ తెలుసు. దొర ఏనాడూ చేనులో కాలు పెట్టలేదు, ఆయనకు పంటంటే బస్తాలే. అంజయ్య నోరు తెరవబోయాడు. నేను ముందే దొర కాళ్ల మీద పడ్డాను.

"నీ బాంచెను దొరా, పసులను తోలకుండ్రి! మా పిల్లల నోటికాడి కూడు!"

నేనెంత ఏడిస్తే ఆయనకంత పట్టుదల వస్తుందని నాకు తెలుసు. ముందువి నాలుగు పడితే వెనకవాటిని ఎవరూ చేనులోకి రానివ్వరని నా ఆలోచన. ఆ లెక్క తప్పితే యాదమ్మ గతేంటన్న భయం మాత్రం నిజమే. దొర నన్ను కాలితో తోసి, అంజయ్య చేతి కర్ర లాక్కుని, తానే మందను అదిలించాడు.

ముందు పడింది ఆయన ముచ్చటపడి కొన్న, ఆయనకున్న ఒకే నాగలి జతలో ఒక ఎద్దు. నోట నురగ కక్కుతూ కాళ్లు కొట్టుకుంది. ఆ వెనకే ఒక పాడిబర్రె. దొర వెంట ఉన్న మిలిట్రీ వాళ్లే అరుచుకుంటూ మిగతావాటిని బయటికి తోలారు.

అంజయ్య తడికళ్లతో నా దగ్గరికి వచ్చాడు. "అక్కా, బెల్లం నీళ్లు తాపితే కొన్నన్న బతుకుతయి. పసులేం జేసినయ్?"

"నా పుష్పమ్మ ఏం జేసిందిరా?" అన్నాను.

అతను బెల్లం కోసం గడి వైపు పరుగెత్తాడు. నేను ఆపలేదు. పశువులతో నాకేం పగ?

దొర నా ముందుకు వచ్చాడు. "గీ జొన్న మేస్తె చస్తయని నీకు ఎరుకేనా?"

"ఊరందరికీ ఎరుకే దొరా."

"మరి చెప్పకపోతివేందే?"

"పప్పు, కూర లేకుంటే పిల్లల కండ్లు పోతయని చెప్పిన గద. నువ్వు ఇన్నవా?"

ఆయన కర్ర ఎత్తాడు. అంతలోనే రెండో ఎద్దు కూలింది. కర్ర పడేసి దాని దగ్గరికి ఉరికాడు. మోకాళ్ల మీద కూర్చుని, నెత్తి మీది టోపీతో దాని నోటి నురగ తుడుస్తూ ఏడ్చాడు. రేపు దున్నించడానికి ఆయనకిక ఎద్దుల్లేవు. నా కడుపు చల్లబడింది. ఆ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

నేను చేనులోకి దిగాను. తొక్కిన సాళ్ల మధ్య దొగ్గలికూర ఇంకా మిగిలే ఉంది. చచ్చిన ఎద్దు పక్కనే, దొర చూస్తుండగా, వంగి కొంగు నిండా కోసుకున్నాను. పొద్దుగూకుతోంది. యాదమ్మకు కూర వండాలి.