మూడు బొడిపెలు

సూది దిగనని మొరాయించింది. డాక్టరమ్మ బొటనవేలితో సిరంజిని ఇంకాస్త నొక్కింది. గట్టిపడ్డ మచ్చలోకి మందు చుక్క చుక్కగా దిగుతుంటే బల్ల మీద పడుకున్న ఆమె దాని అంచు పట్టుకుని పళ్లు బిగించింది.

"ఏడుపొస్తే ఏడు తల్లీ, మొహమాటం దేనికి?"

"నేనేడిస్తే మీ సూది జడుసుకుంటుంది లెండి."

డాక్టరమ్మ నవ్వేసింది. ఒకే సిరంజిలో రెండు మందులు. ఒకటి మచ్చను మెత్తబరిచి అణిచేది, రెండోది మళ్లీ పెరగకుండా ఆపేది. మూడు వారాలకోసారి పొడుస్తారు. ఇది నాలుగోసారి.

కుడిభుజం నుంచి మెడ కిందిదాకా, కొలిచి పెట్టినట్టు సమానమైన ఎడంతో మూడు బొడిపెలు. ఏడాది కిందట లాండ్రీలో ఆవిరి ఇస్త్రీ యంత్రం తన మూడు గొట్టాల్లోంచి ఒక్కసారిగా ఆమె మీద కక్కింది. ఆవిరి ఎక్కువైతే దానంతటదే తెరుచుకోవలసిన మూతను యజమాని తీగతో కట్టించాడు, పని ఆగకూడదని. పుండ్లు మానాయి కానీ, మానిన చోట మాంసం గోలీల్లా ఉబ్బింది.

అప్పట్నుంచి చెయ్యి పైకి లేవలేదు. రోజూ మొగుడే జడ వేసేవాడు. "ఇది జడా, మోకా?" అని ఆమె సణిగితే, "బస్సులకి బోల్టులు బిగించే చేతులు మహారాణీ, సర్దుకోవాలి మరి" అనేవాడు. మొన్న ఆదివారం ఆమె తన జడ తనే వేసుకుంది. ఆయన చప్పట్లు కొట్టి పక్కింటివాళ్లని కూడా పిలుచుకొచ్చాడు చూడమని. సిగ్గుతో చచ్చిపోయింది. ఎంత బాగుందో!

సూదుల ఖర్చంతా యజమానిదే. కారు పంపిస్తాడు, ఆ పూట కూలి కూడా కొయ్యడు. మంచినీళ్లకి వెళ్తే అరగంట కూలి కోసే మనిషి! మారాడనుకుని పోయిన నెల ఆమె ఆయనకి చేతులు జోడించి దండం కూడా పెట్టింది.

"మొదటిది చదునైంది, రెండోది దారికొచ్చింది. ఇక పొడవాల్సింది ఈ మూడోదే, మొండిఘటం," అంది డాక్టరమ్మ, దూదితో నెత్తురు అద్దుతూ. "మీ గుమాస్తాగారు ఒకటే తొందర. సోమవారానికల్లా ఆనవాలు కూడా ఉండకూడదట. ఇది మందయ్యా, మంత్రం కాదన్నాను. ఫోటోలు కూడా తియ్యొద్దన్నారు, నీకు సిగ్గట కదా?"

ఆమె దిగ్గున లేచి కూర్చుంది.

సోమవారం కార్మిక న్యాయస్థానంలో విచారణ. ఆమె ఇంట్లో వేడినూనె ఒలకబోసుకుందని, యంత్రంలో ఏ లోపమూ లేదని యజమాని రాసిచ్చాడు. సూదులు వేయిస్తుంటే ఆ మాట వెనక్కి తీసుకుంటాడనే ఆమె అనుకుంది. నూనె అలా వరసగా, కొలతపెట్టి మూడుచోట్ల పడదని ఆ బొడిపెలు చూసినవాళ్లెవరికైనా తెలుస్తుంది. చూస్తే.

నా ఒంటిమీది సాక్ష్యాన్ని నాచేతే చెరిపిస్తున్నాడు, పైగా దండం పెట్టించుకుని! అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆ సిరంజి పక్కన పెట్టండి డాక్టరమ్మా. మూడోదానికి వద్దు."

"మధ్యలో మానేస్తే అన్నీ మళ్లీ లేస్తాయి. చెయ్యి మళ్లీ పట్టేస్తుంది."

"లేవనీండి. వాడి పని పట్టాక నేనే వచ్చి పొడిపించుకుంటా."

"వచ్చినప్పుడల్లా కొలతలు రాసే ఉంచాను. ఆ కాగితాలు ఇస్తాను, సరిపోదా?"

"ఇవ్వండి, అవీ పట్టుకెళ్తా. కానీ కాగితాన్ని మడిచి సొరుగులో పడేస్తారు. దీన్ని మడవమనండి చూద్దాం!"

డాక్టరమ్మ సిరంజి పళ్లెంలో పెట్టి, అలమారలోంచి ఫైలు తీసింది.

బయట గుమాస్తా కారు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. "అయిందామ్మా? ఇంక నున్నగా అద్దంలా అయిపోతావు. అయ్యగారు దేవుడనుకో."

"సోమవారం ఆ దేవుణ్ణి తప్పకుండా రమ్మనండి బాబాయ్. ఆయనకి బాగా కనపడేలా నిలబడతా."

గుమాస్తా మొహంలో నవ్వు అలాగే బిగుసుకుపోయింది. చూపు ఆమె చేతిలోని ఫైలు మీద పడింది. "అదేంటమ్మా? ముందు కారెక్కు, దార్లో మాట్లాడుకుందాం."

"ఎక్కను."

భుజం మీది గుడ్డ తీసి నడుముకి చుట్టుకుని, మిట్టమధ్యాహ్నపు ఎండలో రోడ్డు మీదికి నడిచింది. వెనకాలే కారు నత్తలా పాకుతూ హారన్ మోగిస్తోంది. ఆమె వెనక్కి తిరగలేదు, పక్కకి తప్పుకోలేదు.