అటువైపు ఆగిపోయిన పసుపుపచ్చ బండి

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంట్లో ఎవరూ ముందుగదిలోకి పోరు. అది బొమ్మబండ్లు పనిచేసుకునే వేళ. తలుపు దగ్గరగా వేసి పెద్దాయన లోపల నడుం వాలుస్తాడు, ఆయన భార్య బట్టలు మడతపెడుతూ కూర్చుంటుంది. ముందుగదిలోంచి బరబర, టకటక చప్పుళ్ళు వస్తూ ఉంటాయి. టీ వేళకి బండ్లన్నీ అద్దాల బీరువాలో ఎక్కడివక్కడ నిలబడి ఉంటాయి, నేలమీద మాత్రం గుప్పెడు మట్టో చారెడు ఇసుకో పడి ఉంటుంది. నాలుగిళ్ళ చెత్తా ఈ ఒక్క ఇంట్లోనే ఉందని పనిమనిషి సణుక్కుంటూ ఊడుస్తుంది. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోరు. పనిచేసే బండి అన్నాక మట్టి రాలదా?

పెద్దాయన ఉద్యోగం అంతా క్రేను మీదే గడిచింది. రిటైరయ్యాక పెద్దబండ్లు పోయి చిన్నవి మిగిలాయి. పై అరలో టిప్పర్లు, దాని కింద డోజర్లు, రోలర్లు, ఆ కింద తవ్వేవి. అట్టడుగున నెలనెలా వచ్చే యంత్రాల పత్రిక, మొదటి సంచిక నుంచీ, ఒక్కోటీ ఒక్కో కవర్లో. చేతులు కడిగి, తుడిచి, ఆరాక గానీ వాటిని ముట్టుకోడు. ఏ సంచికా తెరిచి ఉంచకూడదని ఆ ఇంట్లో కట్టడి. ఏ పేజీ తెరిచి ఉంటే బండ్లు ఆ పనికి దిగుతాయి. ఒకసారి ఇల్లాలు గని బొమ్మ ఉన్న పేజీ మూయడం మర్చిపోతే వంటింట్లో మోకాలి లోతు గొయ్యి పడింది.

ఇంత పద్ధతిగా దాచుకున్నదాంట్లో ఒక్కటే వెలితి. ఒక సంచికలో నడిమి పేజీ లేదు. రెండు పేజీల మేర పరుచుకున్న గని టిప్పరు బొమ్మ అది, చక్రం ఒక్కటే మనిషికి రెండింతలు. ఎవరు కోసుకుపోయారో పెద్దాయనకి అనుమానం కూడా లేదు. తమ్ముడే. తండ్రి ఇంటిని గోడ పెట్టి పంచుకున్నారు, అటు సగంలో తమ్ముడు ఉంటాడు, వాడికీ ఇదే పిచ్చి. పేజీ పోయిన రోజు ఇంటికి వచ్చిందీ వాడొక్కడే. అడిగితే, "నీ చిత్తుకాగితం నాకెందుకన్నయ్యా" అన్నాడు. పేజీ పోయినందుకు కాదు, చిత్తుకాగితం అన్నందుకు పెద్దాయన మాట మానేశాడు. మరదలు పోయినప్పుడు కూడా వెళ్ళి, నిలబడి, పెదవి విప్పకుండా తిరిగొచ్చాడు.

ఈమధ్య పసుపుపచ్చ ఎక్స్‌కవేటర్ బకెట్లో సున్నం కనిపించింది. అది మొదటి జీతంతో కొన్న బండి, దాని ఒళ్ళు ఆయనకి అరచెయ్యంత బాగా తెలుసు. మట్టయితే సరే, సున్నం ఎక్కడిది? బీరువా వెనక టార్చి వేసి చూస్తే నడిమిగోడకి నేల బారున బొరియ ఉంది.

"వాడే. అటువైపు పత్రిక తెరిచిపెట్టి నా బండ్లని పిలుచుకుంటున్నాడు."

"మీ బండ్లు మీ గోడ తవ్వితే మధ్యలో ఆయనేం చేశాడండీ?" అంది భార్య.

"తవ్వించేవాడు లేకుండా ఏ బండీ తవ్వదు."

అప్పట్నుంచీ టీ తాగకముందే బండ్లు సరిచూసుకోవడం మొదలుపెట్టాడు. పనిమనిషి చీపురు కింద కూడా చూశాడు, ఆమె రెండ్రోజులు ముఖం మాడ్చుకుంది. ఒక సాయంత్రం అనుకున్నంతా అయింది. మూడో అరలో పసుపుపచ్చ బండి లేదు.

వీధిలోంచి వెళ్ళి మరిదిని అడిగి వస్తానంది భార్య. దొంగ గడప తొక్కి బతిమాలుకునే ఖర్మ తనకి పట్టలేదన్నాడు పెద్దాయన. పొద్దున్నే మేస్త్రిని పిలిపించాడు. బొరియ మూసేస్తే ఇక రాకపోకలే ఉండవు.

మేస్త్రి బీరువా జరిపి, వరండాలో సిమెంటు కలిపి, తాపీ పట్టుకుని వచ్చాడు. "ఆగు" అన్నాడు పెద్దాయన. "ముందు నా బండి ఇటు రావాలి." ఆ వయసులో బోర్లా పడుకుని, బొరియకి కన్ను ఆనించి, టార్చి వేశాడు.

వెలుగు తిన్నగా అవతలి గోడ మీద పడింది. అక్కడ గని టిప్పరు ఉంది.

"ఉంది" అన్నాడు. గొంతులో ఎన్నేళ్ళ ఆనందమో. "ఫ్రేము కూడా కట్టించుకున్నాడు వెధవ."

"సంబరం తర్వాత. బండి ఉందా, చూడండి" అంది భార్య.

టార్చి కిందికి దించాడు. బండి ఉంది. దాని బకెట్ ఒక చొక్కా చేతిని పట్టుకుని ఉంది. ఆ చొక్కా చేతిలోంచి ఒక చెయ్యి నేలమీద చాచుకుని ఉంది. బండి లాగుతోంది, చైన్లు ఉన్నచోటే తిరుగుతున్నాయి. వాటి కింద గచ్చు మీద రెండు గీతలు పడ్డాయి. నిన్నటి నుంచీ లాగుతున్నట్టుంది.

పెద్దాయన "ఒరే" అన్నాడు బొరియలోకి.

ఆ మాట అటువైపు పోయి ఏళ్ళయింది. కాసేపటికి ఒక వేలు కదిలింది.

భార్య వీధిలోకి పరుగెత్తి, మరిది తలుపు లోపల గడియ వేసి ఉందని కేకేసింది. పెద్దాయన లేచి సిమెంటు బొచ్చెని కాలితో పక్కకి నెట్టాడు. "గోడ కొట్టెయ్" అన్నాడు.

మేస్త్రి గునపం ఎత్తాడు కానీ దాంతో పని పడలేదు. బొరియ చుట్టూ ఇటుకల మధ్య సున్నం అంతా ఎప్పుడో గీకేసి ఉంది, మనిషి వంగకుండా దూరేంత మేర. "మీ బండ్లు పనంతా ముందే చేసిపెట్టాయండీ" అని ఇటుకలు చేత్తోనే తీసి పక్కన పేర్చాడు.

పక్షవాతమనీ, సాయంత్రం దాకా చూసుకోకపోయుంటే మనిషి దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. కొన్నాళ్ళకి తమ్ముడు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాడు, ఎడమ కాలు ఈడుస్తూ, చేతికర్రతో. గోడలో ఖాళీ అలాగే ఉంది. మేస్త్రి కలిపిన సిమెంటు బొచ్చెలోనే బిగుసుకుపోయింది. ఆ ఖాళీలోంచే వదిన పూటపూటా అన్నం అందించేది. పెద్దాయన మాత్రం తొంగి చూసేవాడు కాదు. కావాలనే పడ్డాడేమో వాడు, వాడి సంగతి నీకు తెలీదు అనేవాడు. అంటూనే, మందుబిళ్ళ వేసుకున్నాడో లేదో భార్యని అడిగి రమ్మనేవాడు.

ఒకనాడు పొద్దున తమ్ముడి టిప్పరు ఒకటి ఆ ఖాళీలోంచి వచ్చి ఆయన కాళ్ళ దగ్గర ఆగింది. తొట్లో చుట్టిన కాగితం. విప్పితే గని టిప్పరు.

పెద్దాయన చేతులు కడిగి, తుడిచి, ఆరనిచ్చి, ఆ సంచిక తీసి పేజీ దాని చోట పెట్టి చూశాడు. మళ్ళీ చుట్టి, టిప్పర్లో వేసి, ముందరి భాగం గోడవైపు తిప్పాడు.

"ఇన్నేళ్ళూ దీనికోసమేగా ఏడ్చారు" అంది భార్య.

"అంచు చూడు. కత్తెరతో వంకర టింకరగా కోశాడు. కోసినవాణ్ణే వచ్చి అతికించమను, నా కళ్ళముందు."

టిప్పరు వెళ్ళింది. పెద్దాయన బంక సీసా మూత తీసి, సంచికని తెరిచి నేలమీద పెట్టుకుని కూర్చున్నాడు. తెరిచి పెట్టకూడదని తనే పెట్టిన కట్టడి ఆయనకి గుర్తు రాలేదు, భార్య గుర్తు చేయలేదు. అటువైపు నుంచి చేతికర్ర చప్పుడు మెల్లగా మొదలైంది. అది బండ్లు పనిచేసే వేళ కాదు. అయినా పసుపుపచ్చ బండి అర దిగి వెళ్ళి, ఆ ఈడ్చుకొచ్చే కాలికి తగలకుండా, దారిలో మిగిలిన ఇటుకముక్కల్ని ఒక్కొక్కటే పక్కకి తోయసాగింది.